స్విచ్చి వేయుటకు ముందు

పాత వాల్వు రేడియోను అటకమీద భద్రంగా దాచుకొన్న ఇండ్లు మన ప్రాంతంలో నేటికీ కొన్ని కలవు. మా ఇంట్లోనూ అటువంటిది ఒకటి ఉండేది. మా తాతగారు కొన్నది. ముందుభాగాన బంగారు రంగు గుడ్డ, పక్కన స్టేషను దొరికినప్పుడు ఆకుపచ్చగా మూసుకొనే కన్ను. నేను కళాశాలలో చదువుకొనే రోజులలో, ఒక వేసవి సెలవులలో దానిని కిందికి దింపి, దుమ్ము తుడిచి, కొత్త ప్లగ్గు బిగించి, ఎంతో ఉత్సాహంతో స్విచ్చి వేసినాను. అరనిమిషం పాటు ఏమీ జరుగలేదు. తరువాత గుయ్యిమని ఒక ధ్వని బయలుదేరినది. అది క్రమంగా హెచ్చినది. ఘాటైన వాసన వచ్చినది. నేను ప్లగ్గు ఊడదీసేలోపుగానే పెట్టె వెనుకనుండి పొగ లేచినది.

మా ఊరి రేడియో మెకానిక్కు అప్పటికే వయోవృద్ధుడు. పెట్టె విప్పి చూచి, “వాల్వులకేం కాలేదు బాబూ, ట్రాన్స్‌ఫార్మరు మాడిపోయింది. ఇరవై ఏళ్ళు పస్తున్న మనిషికి ఒక్కసారిగా పెళ్ళిభోజనం పెడతారటయ్యా? ముందు నాకొక్క మాట చెప్పి ఉంటే రెండు కండెన్సర్లు మార్చి ఇచ్చేవాణ్ణి కదా” అన్నాడు. ఆయన బల్లమీద ఒక బల్బు హోల్డరు ఉండేది. ఏ పాత రేడియో వచ్చినా మొదట ఆ బల్బు గుండానే దానికి కరెంటు పంపేవాడు. బల్బు నిండుగా వెలిగితే లోపల ఎక్కడో షార్టు ఉన్నదని అర్థం. క్షణకాలం వెలిగి మసకబారితే ఫరవా లేదు, ముందుకు పోవచ్చును. ఆ బల్బు ఖరీదు పది రూపాయలు. అది లేకనే నేను మా తాతగారి రేడియోను పోగొట్టినాను.

ఈ చిన్న కథను ఇక్కడ చెప్పడానికి కారణం ఉన్నది. రేడియోకు బదులు ప్రపంచంలో ఒకే ఒక్కటిగా మిగిలిన గణకయంత్రం ఎదురుగా ఉన్నప్పుడు, స్విచ్చి దగ్గరి చేయి ఎంతగా వణుకుతుందో మీరే ఊహించుకొనవచ్చును. అటువంటి సందర్భాలు గత ముప్పది నలుబది సంవత్సరాలలో పాశ్చాత్య దేశాలలో అనేకం వచ్చినవి. వానిలో కొన్ని సుఖాంతములు, కొన్ని కావు.

సుఖాంతం కానిదానితో మొదలుపెట్టుదాము. లండనులోని సైన్సు మ్యూజియంలో పెగసస్ అనే కంప్యూటరు ఉండేది. గ్రీకు పురాణాలలోని రెక్కల గుర్రం పేరు దానికి పెట్టినారు. బ్రిటనులోని ఫెరాంటి సంస్థ 1956 నుండి ఈ రకం యంత్రాలను అమ్మినది. అన్నీ కలిపి నలుబదికి మించలేదు. ఇది వాల్వులతో నడిచే యంత్రం. మ్యూజియంలో ఉన్నది 1959 డిసెంబరులో మొదటిసారి పనిచేసినది. దానిని గాజు పెట్టెలో బొమ్మవలె నిలుపక, నిజంగా నడిపించి సందర్శకులకు చూపించేవారు. ప్రపంచంలో అప్పటికి పనిచేస్తూ ఉన్న కంప్యూటర్లలో అన్నింటికంటె పాతది ఇదే అన్న కీర్తి దానికి దక్కినది. 2009లో దానికి తీవ్రమైన విద్యుద్దోషం ఏర్పడినది. యంత్రాన్ని ఆపివేసినారు. ఐదు సంవత్సరాలు తర్జనభర్జన పడిన తరువాత, 2014 ఆరంభంలో దానికి శాశ్వతంగా విశ్రాంతి ఇవ్వాలని మ్యూజియం నిర్ణయించినది. యాబది యేండ్లు లెక్కలు కట్టిన యంత్రాన్ని లెక్కలోని తప్పు ఏదీ ఆపలేదు. దానికి ప్రాణం పోసే కరెంటు నడిచే దారిలోని దోషమే ఆపినది.

పాత కంప్యూటరు అనగానే మనకు దాని బుద్ధి గుర్తుకు వస్తుంది. ఎంత వేగంగా కూడగలదు, ఎన్ని అంకెలు గుర్తుంచుకొనగలదు అని అడుగుతాము. దాని పొట్ట గురించి ఎవరూ అడుగరు. ఆ యంత్రాలను నిర్మించినవారు మాత్రం మొదటినుండీ పొట్టతోనే వేగినారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, మాక్లీ, ఎకర్ట్ అనే ఇద్దరి ఆధ్వర్యంలో తయారై 1946 ఫిబ్రవరిలో లోకానికి వెల్లడి అయిన ఎనియాక్ యంత్రంలో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. అది తినే విద్యుత్తు సుమారు 150 కిలోవాట్లు. ఒక్క వాల్వు మాడినా లెక్క తప్పుతుంది. ఇన్ని వేల వాల్వులలో ఏదో ఒకటి నిమిషనిమిషానికీ మాడుతూనే ఉంటుంది, ఈ యంత్రం ఎన్నటికీ పని చేయదు అని ఆనాటి పెద్దలు కొందరు తేల్చి చెప్పినారు.

ఎకర్ట్ రెండు ఉపాయాలు చేసినాడు. మొదటిది, ప్రతి భాగాన్నీ దాని శక్తికి చాల తక్కువ స్థాయిలో వాడుట. రెండవది అనుభవం నేర్పినది. వాల్వులు నడుస్తూ ఉండగా కంటె, స్విచ్చి వేసే క్షణంలోనూ తీసే క్షణంలోనూ ఎక్కువగా చచ్చిపోతున్నవి. చల్లగా ఉన్న సన్నని తీగ ఒక్కసారిగా ఎర్రబడి వ్యాకోచించుట, తిరిగి సంకోచించుట దానికి ప్రాణాంతకం. కాబట్టి యంత్రాన్ని ఆపకుండుటయే మేలని నిర్ణయించినారు. వాల్వు చెడుట రెండు రోజులకు ఒకటికి తగ్గినది. 1946 నవంబరు 9న దానిని మరొక చోటికి తరలించడానికి ఆపినారు. 1947 జూలై 29న మేరీలాండు రాష్ట్రంలోని ఎబర్డీనులో మళ్ళీ వెలిగించినారు. 1955 అక్టోబరు 2న రాత్రి పదకొండు ముప్పావుకు ఆఖరిసారి ఆపేవరకు అది ఎబర్డీనులోనే సేవచేసినది. దానికంటె ముందే, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కు కొరకు రహస్యంగా కొలోసస్ యంత్రాన్ని నిర్మించిన టామీ ఫ్లవర్స్‌కు కూడ ఇదే సంగతి టెలిఫోను శాఖ అనుభవంవల్ల తెలిసియున్నది. వాల్వును ఆర్పకుండా ఉంచితే అది నమ్మదగిన సేవకుడని ఆయన వాదించినాడు. చాలమంది మొదట నమ్మలేదు.

ఆర్పకుండా ఉంచితేనే క్షేమంగా ఉండే యంత్రాన్ని ముప్పది, నలుబది సంవత్సరాలు ఆర్పివేసి, చలిలో, తేమలో, ఎలుకల మధ్య పెట్టి, ఒకనాడు మళ్ళీ వెలిగించాలని మనం కోరుతున్నాము. పునరుద్ధరణ అనే పనిలోని కష్టమంతా ఇక్కడ ఉన్నది.

లోపల ఏమి జరుగుతుందో కొంచెం వివరించుట అవసరం. ఇంటి గోడనుండి వచ్చే కరెంటు అటూ ఇటూ ఊగే కరెంటు. కంప్యూటరుకు కావలసినది ఒకే దిక్కుకు నిలకడగా ప్రవహించే కరెంటు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని తగ్గిస్తుంది, రెక్టిఫయరు దిక్కు సరిచేస్తుంది, ఆపైన మిగిలిన అలలను పెద్ద కండెన్సర్లు మింగివేస్తవి. ఈ కండెన్సరు చూడడానికి ఒక అల్యూమినియం డబ్బా. దానిలోని రేకుమీద కంటికి కనబడనంత పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. ఆ పొరయే కరెంటును ఆపే గోడ. వోల్టేజీ లేకుండా ఏండ్ల తరబడి పడియుంటే ఆ పొర క్షీణిస్తుంది. అప్పుడు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే గోడ కూలి, కరెంటు వరదవలె పారి, డబ్బా వేడెక్కి పగులుతుంది. మా రేడియోలోని గుయ్యిమను ధ్వనికి అర్థం ఇదే. కండెన్సరు అలలను మింగలేక పోయినది, అవి లౌడుస్పీకరులో వినబడినవి. రేడియో ఉన్న ప్రతి ఇంటివారూ ఈ ధ్వనిని ఎప్పుడో ఒకప్పుడు విని ఉంటారు.

విశేషమేమనగా, ఆ పొర మళ్ళీ పెరుగుతుంది. ఒక రెసిస్టరు గుండా అతి స్వల్పమైన కరెంటును పంపుతూ, వోల్టేజీని మెల్లమెల్లగా పెంచుకొంటూ పోతే, గంటలలోనో రోజులలోనో గోడ తిరిగి లేస్తుంది. జ్వరం తగ్గిన రోగికి మొదట గంజి, తరువాత చారన్నం పెట్టినట్లే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు మౌంటెన్ వ్యూ నగరంలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వారు పీడీపీ-1 అనే యంత్రాన్ని బాగుచేసినప్పుడు ఈ పద్ధతినే అవలంబించినారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను 1960 ప్రాంతాన అమ్మిన ఈ యంత్రాలు మొత్తం 53 మాత్రమే తయారైనవి. వీనిలో ఒకదానిమీదనే 1962లో విద్యార్థులు ‘స్పేస్‌వార్’ అనే ఆటను సృష్టించినారు. పాత కండెన్సర్లన్నీ పీకిపారవేసి కొత్తవి పెట్టుట సులభమే. కాని చరిత్రకారుని దృష్టిలో ఆ డబ్బా కూడ ఒక శాసనం వంటిది. శిథిలమైన శాసనంలోని అక్షరాలను కొత్తగా చెక్కించి ఇదే పాతది అంటే ఎవరు ఒప్పుకొంటారు?

ఈ పట్టుదలను అందరూ మెచ్చుకొనరు. పాత భాగమే ఉండాలని పట్టుబట్టి, ఒకనాడు అది పేలి పక్కనున్న అపురూపమైన భాగాలను పాడుచేస్తే నష్టం ఎవరిది? నా మట్టుకు నాకు, ఎక్కడ చెడితే మంట పుడుతుందో అక్కడ కొత్తది పెట్టి, పాతదానిని చీటీ కట్టి భద్రపరచే మధ్యేమార్గం సమంజసంగా తోస్తున్నది. చాల మ్యూజియాలు చివరకు చేస్తున్నదీ అదే.

అదే మౌంటెన్ వ్యూ మ్యూజియంలో ఇంకొక పెద్ద ప్రయత్నం జరిగినది. ఐబీఎమ్ సంస్థ 1959 అక్టోబరు 5న ప్రకటించిన 1401 అనే యంత్రం వాల్వులు లేనిది, ట్రాన్సిస్టర్లతో నడిచేది. పన్నెండు వేలకు పైగా తయారైనవి. 1960 దశకం నడిమి నాటికి ప్రపంచంలోని కంప్యూటర్లలో సుమారు సగం ఈ కుటుంబానివే అని చెబుతారు. నిమిషానికి 800 కార్డులు చదివి, 600 పంక్తులు అచ్చువేసేది. ఇంత విరివిగా ఉన్న యంత్రం కూడ నలుబది ఏండ్లలో దాదాపు మాయమైపోయినది. అద్దెకిచ్చిన యంత్రాలను వెనుకకు తీసుకొని తుక్కు చేసినారు. చివరికి జర్మనీలోని హామ్ అనే పట్టణంలో ఒకటి దొరికితే, మ్యూజియం వారు కొని 2004లో అమెరికాకు తెప్పించినారు. రాబర్ట్ గార్నర్ అనే ఇంజనీరు నాయకత్వంలో, యౌవనంలో ఇటువంటి యంత్రాలనే మరమ్మతు చేసి పదవీవిరమణ చేసిన ఐబీఎమ్ ఉద్యోగులు దాని చుట్టూ చేరినారు.

అక్కడ వారికి ఎదురైన మొదటి చిక్కు యంత్రంలో లేదు, గోడలో ఉన్నది. జర్మనీలోని కరెంటు, మన దేశంలోని కరెంటు వలెనే, సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అమెరికాలో 60 సార్లు. మనలో చాలమంది వోల్టేజీ ఒక్కటే చూచుకొంటే చాలునని అనుకొంటాము. ఈ యంత్రం విషయంలో అది చాలదు. కార్డులు చదివే యంత్రంలోనూ అచ్చుయంత్రంలోనూ ఉన్న మోటారులు కరెంటు ఊగే లెక్కను బట్టి తిరుగుతవి. 60 ఇస్తే ఐదింట ఒక వంతు ఎక్కువ వేగంతో పరుగెత్తుతవి. అంతకంటె సూక్ష్మమైనది వోల్టేజీని నిలకడగా ఉంచే ట్రాన్స్‌ఫార్మరు సంగతి. దీనిలో ఒక కండెన్సరు, ఒక తీగచుట్ట కలిసి ఒక నిర్ణీతమైన ఊపుకు శ్రుతి చేయబడి ఉంటవి. గోడ కరెంటు కొంచెం ఎక్కువ తక్కువలైనా బయటికి వచ్చే వోల్టేజీ చలించదు. శ్రుతి తప్పితే మాత్రం ఆ నిలకడ తప్పుతుంది. 50కి శ్రుతి చేసిన తంబురాను 60కి మీటితే ఏమవుతుంది?

1980, 90 దశకాలలో మన కార్యాలయాలలో కంప్యూటరు పక్కన ఒక బరువైన ఇనుప పెట్టె ఎప్పుడూ గుయ్యిమంటూ, ముట్టుకొంటే వేడిగా ఉండేది జ్ఞాపకమున్నదా? సీవీటీ అనేవారు. అది ఈ జాతిదే. అదే సూత్రం 1401 కడుపులో ముందునుండీ ఉన్నది. కనుక మ్యూజియం వారు ఆ జర్మను యంత్రం కొరకు అమెరికా గడ్డమీద 50 ఆవృత్తుల కరెంటును ప్రత్యేకంగా పుట్టించే ఏర్పాటు చేయవలసివచ్చినది. ఊరు మారినా అలవాటు మారని వృద్ధునికి వేరే వంట చేసినట్లు. 2008లో అమెరికాలోనే కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఇంటి నేలమాళిగలో రెండవ 1401 దొరికినది. అది స్థానిక కరెంటుకు అలవాటుపడినదే. కాని నేలమాళిగ తేమకు దాని ట్రాన్సిస్టర్ల కాళ్ళు తుప్పు పట్టియున్నవి. ఒకదానికి తిండి సమస్య, ఇంకొకదానికి కీళ్ళవాతం.

దేశం మారిన యంత్రం విషయంలో మరియొక ప్రమాదం కలదు. తీగల రంగులు. మన దేశంలో నల్లతీగ ప్రమాదం లేని తిరుగుదారి, ఎరుపు ప్రాణం తీసేది, ఆకుపచ్చ ఎర్తు. ఇది బ్రిటిషువారి పాత ఆచారం. అమెరికాలో నల్లనిదే ప్రాణం తీసే తీగ, తెల్లనిది తిరుగుదారి. జర్మనీలో 1965కు పూర్వం ఎర్రతీగ ఎర్తు, అనగా మనిషిని కాపాడేది. ఒకే ఎరుపు హైదరాబాదులో యముడు, పాత జర్మనీలో రక్షకుడు. బ్రిటనువారు కూడ 2004 తరువాత ఇండ్ల వైరింగులో పాత రంగులు విడిచి, ఐరోపా వారి గోధుమ, నీలం రంగులు తీసుకొన్నారు. కాబట్టి పాత యంత్రం ముందు కూర్చున్నవాడు రంగును చూచి ఏదీ నమ్మరాదు. యంత్రం ఏ దేశంలో, ఏ సంవత్సరంలో తయారైనదో, మధ్యలో ఎవరెవరి చేతులలో పడినదో తెలుసుకొనవలెను. ఆపైన మీటరు పట్టుకొని, కరెంటు లేకుండా, ఒక్కొక్క తీగ ఏ చివరనుండి ఏ చివరకు పోతున్నదో వెదకవలెను. కాగితంమీద వేసిన పటం ఉన్నా అంతే. పటం గీసిననాటికీ యంత్రం ఆగిపోయిననాటికీ మధ్య పది పదిహేను సంవత్సరాల మరమ్మతులు ఉంటవి. ఒక రాత్రి యంత్రం ఆగిపోతే, తెల్లవారేసరికి జీతాల లెక్క తేలవలసి ఉంటే, ఆ రాత్రి ఉద్యోగి ఫ్యూజుకు బదులు ఒక రాగితీగ చుట్టి ఇంటికి పోయి ఉంటాడు. పటంలో ఫ్యూజు ఉంటుంది, యంత్రంలో రాగితీగ ఉంటుంది. తాళపత్రాలను పరిష్కరించే పండితులకు లేఖకుని పొరపాటు తగిలినట్లుగా వీరికి ఇవి తగులుతూ ఉంటవి.

1970 దశకపు యంత్రాలలో దోషం ఇంకొక రూపం దాల్చినది. వాల్వుల కాలంలో వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. చిప్పులు వచ్చిన తరువాత వోల్టేజీ 5కు దిగినది. కరెంటు మాత్రం పదుల యాంపియర్లకు ఎక్కినది. ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, విసుగు చెందకండి. ఒక అతుకులో తుప్పువల్ల ఓములో నూరవ వంతు అడ్డంకి ఏర్పడినదనుకొందాము. మామూలు మీటరుకు అది సున్నాగానే కనబడుతుంది. దాని గుండా 50 యాంపియర్లు పారితే అక్కడ అర వోల్టు పోతుంది, 25 వాట్ల వేడి పుడుతుంది. ఆ చిప్పులకు 5 వోల్టులలో పావు వోల్టు తగ్గినా నియమభంగమే. అర వోల్టు తగ్గితే యంత్రానికి మతి చలిస్తుంది. ఒక లెక్క సరిగా చేస్తుంది, మరియొకటి తప్పుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. చూచినవాడు జ్ఞాపకశక్తి భాగం చెడినదనో, చిప్పు పోయినదనో వారాల తరబడి వెదకుతాడు. అసలు దోషి ఒక నైలాను అతుకు. తెల్లగా ఉండవలసినది వేడికి గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకొంటే పొడి అవుతూ ఉంటుంది. ఆ కాలపు చిన్న కంప్యూటర్లను బాగుచేసినవారిలో ఈ మాడిన అతుకును చూడనివాడు ఉండడు. అందువల్లనే అనుభవజ్ఞులు వోల్టేజీని సరఫరా పెట్టె దగ్గర కొలిచి ఊరుకొనరు. యంత్రం నడుస్తూ ఉండగా చిట్టచివరి చిప్పు కాళ్ళ దగ్గర కొలుస్తారు. చెరువు దగ్గర నీరు నిండుగా ఉన్నంత మాత్రాన కాలువ చివరి పొలానికి నీరు అందుతున్నదని చెప్పలేము గదా.

ఇంటి కంప్యూటర్ల సంగతి కూడ ఒక్క మాట. 1981లో బ్రిటిషు ప్రసార సంస్థ తన ప్రసారాల ద్వారా ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పదలచి, ఏకార్న్ సంస్థ చేత తయారు చేయించిన బీబీసీ మైక్రో అనే చిన్న యంత్రం ఉన్నది. ప్రసార వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక దానిమీద నాకు కొంచెం అభిమానం. 1984లో మన దేశంలో పాఠశాలల కొరకు ప్రారంభమైన ‘క్లాస్’ పథకం కింద పిల్లల ముందుకు వచ్చినవి కూడ ఈ యంత్రాలే. దాని సరఫరా పెట్టెలో తేనె రంగు జిగురుతో పోతపోసిన ఒక కాగితపు కండెన్సరు ఉంటుంది. ఏండ్లు గడిచేకొద్దీ ఆ పోత సన్నగా బీటలు వారి, గాలిలోని తేమను పీల్చుకొంటుంది. అటకమీదినుండి దింపి స్విచ్చి వేసినవారికి మొదట యంత్రం చక్కగా పలుకుతుంది. కాసేపటికి ఢామ్మని పేలి, గదినిండా తెల్లని పొగ కమ్ముతుంది. వింత ఏమనగా, చాలసార్లు కంప్యూటరు ఏమీ ఎరుగనట్లు పని చేస్తూనే ఉంటుంది. ఎందుకనగా ఆ కండెన్సరు పని లెక్కలు కట్టుట కాదు. కంప్యూటరు పుట్టించే రొద ఇంటి తీగలలోకి పోయి పక్కవారి రేడియోను పాడుచేయకుండా ఆపుట. మన కొరకు కావలి కాచి ప్రాణం విడిచినదన్న మాట.

అందరికీ అంత అదృష్టం పట్టదు. 1982లో వెలువడి లక్షల కొద్దీ అమ్ముడైన కమొడోర్ 64 యంత్రపు సరఫరా పెట్టెలో, 5 వోల్టులను నిలిపే భాగం చెడినప్పుడు వోల్టేజీ తగ్గదు, పెరుగుతుంది. పెరిగినది తిన్నగా జ్ఞాపకశక్తి చిప్పులకు పోయి వానిని కాల్చివేస్తుంది. పెట్టె లోపల గట్టి జిగురు పోసియుండడంవల్ల విప్పి బాగుచేయుట దాదాపు అసాధ్యం. కాబట్టి తెలిసినవారు ఆ పాత పెట్టెను యంత్రానికి తగిలించక ముందే విడిగా కొలుస్తారు. కొందరు అసలు తగిలించనే తగిలించరు.

ఇక 2009 వద్దకు తిరిగి వద్దాము. లండనులో పెగసస్ ఆగిపోయిన ఆ సంవత్సరమే, బ్లెచ్లీ పార్కు ఆవరణలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగులో మరియొక యంత్రం మరమ్మతుకు వచ్చినది. దీని కథ విచిత్రమైనది. ఇంగ్లండులోని హార్వెల్ అణుశక్తి పరిశోధన కేంద్రంలో కుక్-యార్‌బరో, బార్న్స్, థామస్ అనే ముగ్గురు 1949లో దీని నిర్మాణం మొదలుపెట్టినారు. 1951 ఏప్రిలులో అది పని ప్రారంభించినది. డెకట్రాన్ అనే చిన్న గాజు గొట్టాలు 828. ఒక్కొక్క గొట్టంలో నారింజ రంగు చుక్క ఒకటి పది స్థానాల చుట్టూ తిరుగుతూ అంకెను చూపుతుంది. వానితోపాటు టెలిఫోను కేంద్రాలలో వాడే రిలేలు 480. మొత్తం బరువు రెండున్నర టన్నులు. తినే విద్యుత్తు మాత్రం ఒకటిన్నర కిలోవాట్లు, ఎనియాక్‌లో నూరవ వంతు.

వేగంలో ఇది మహా మందకొడి. ఒక్క గుణకారానికి 5 నుండి 10 సెకనులు. చేతి యంత్రంతో లెక్కలు చేసే ఒక నిపుణుడు దీనితో పోటీకి దిగి, అరగంట సేపు సరిసమానంగా నిలిచి, అలసి కుర్చీలో కూలబడినాడట. యంత్రం మాత్రం అదే నడకతో సాగిపోయినది. ఒక క్రిస్టమస్ సెలవులలో ఎవరూ దగ్గర లేకుండా పది రోజులు తనంతట తాను లెక్కలు చేసుకొంటూ ఉన్నదని అక్కడివారు చెప్పుకొనేవారు. నిదానమే దాని గుణం. 1957లో వుల్వర్‌హాంప్టనులోని సాంకేతిక కళాశాలకు దానిని ఇచ్చినారు. 1973 వరకు అక్కడి విద్యార్థులు దానిమీద నేర్చుకొన్నారు. తరువాత బర్మింగ్‌హాములోని మ్యూజియానికి పోయినది. ఆ మ్యూజియం 1997లో మూతపడినప్పుడు విడదీసి గోదాములో పెట్టినారు. గోదాములో ఉన్న వస్తువు ఏమిటో ఎరిగినవారు క్రమంగా తగ్గిపోయినారు. ఒక ఛాయాచిత్రంలో దాని భాగాన్ని గుర్తుపట్టినవారు ఉండబట్టి అది బయటపడినది.

ఇటువంటి యంత్రానికి ఎవరూ మొదటిరోజున పూర్తి కరెంటు ఇవ్వరు. అన్నింటికంటె ముందు దుమ్ము, ఎలుకల గూళ్ళు తీయుట. రబ్బరు తొడుగు ఉన్న పాత తీగలైతే వంచగానే తొడుగు పెచ్చులుగా రాలి లోపలి రాగి బయటపడుతుంది. వానిని గుర్తించి వేరుచేయుట. ఎర్తు తీగ నిజంగా ఎర్తుకు చేరినదా అని చూచుట. ఆ తరువాత సరఫరా భాగాన్ని మిగిలిన యంత్రంనుండి పూర్తిగా విడదీసి, యంత్రానికి బదులు బల్బులో రెసిస్టర్లో తగిలించి, వోల్టేజీని అంచెలంచెలుగా పెంచుట. కొన్ని సరఫరాలకు బరువు లేకపోతే నిలకడ ఉండదు, అందుకే ఈ ఉత్తుత్తి బరువు. ఒక్కొక్క వోల్టేజీ సరిగా నిలిచినదని గంటల తరబడి చూచిన తరువాతనే ఒక్కొక్క అరను కలుపుతారు. ఏది ముందు రావాలి, ఏది వెనుక రావాలి అన్న క్రమం కూడ ఉంటుంది. వాల్వుకు వేడి ముందు, పెద్ద వోల్టేజీ తరువాత. ఆ క్రమాన్ని కాపాడే రిలే ఒకటి తుప్పు పట్టి అతుక్కొని ఉంటే, మిగిలినవన్నీ బాగున్నా అనర్థమే. పని ఇంత నిదానమైనది కనుకనే చూడవచ్చినవారికి ఏమీ జరుగుతున్నట్లు కనబడదు. మా ఊరి మెకానిక్కు ఇక్కడ ఉండి ఉంటే తన బల్బు హోల్డరును తెచ్చి బల్లమీద పెట్టి, వారితో కలిసిపోయేవాడని నాకు అనిపిస్తుంది.

డెల్విన్ హాల్రాయిడ్ నాయకత్వంలో ఆ స్వచ్ఛంద సేవకులు మూడు సంవత్సరాలు శ్రమించినారు. మన దేశంలో ఆ తరపు యంత్రాలకు ఇటువంటి యోగం ఎంతమట్టుకు పట్టినదో నేను చెప్పలేను. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో మనవారే స్వయంగా నిర్మించుకొన్న టిఫ్రాక్ యంత్రం 1960లో పనికి వచ్చినది, సుమారు 2,700 వాల్వులు గలది. హైదరాబాదులో 1967లో నెలకొన్న ఈసీఐఎల్ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును వెలువరించినది. ఆ యంత్రాల వైరింగు పటాలు, వాని మార్జినులలో ఇంజనీర్లు పెన్సిలుతో రాసుకొన్న గుర్తులు ఏ బీరువాలోనైనా మిగిలియుంటే, అవి యంత్రంతో సమానమైన విలువ గలవి. ఇంట్లో పెద్దల పాత కాగితాలు సర్దేవారు ఇటువంటివి కనబడితే తూకానికి వేయవద్దని మనవి.

2012 నవంబరు 20న హార్వెల్ యంత్రానికి మళ్ళీ కరెంటు ఇచ్చినారు. దానిని నిర్మించినవారిలో ఇద్దరు, తొలినాళ్ళలో దానిమీద పనిచేసినవారిలో ఒకరు ఆ సమయంలో అక్కడ ఉన్నారు. పొగ రాలేదు. రిలేలు టకటకమన్నవి, గాజు గొట్టాలలో నారింజ చుక్కలు ఒకదాని వెంట ఒకటి కదలినవి. పనిచేసే కంప్యూటర్లలో ప్రపంచంలోకెల్ల పాతది అన్న బిరుదు ఆనాటితో పెగసస్ వద్దనుండి దీనికి వచ్చినది. గుణకారానికి మాత్రం ఎప్పటివలెనే 5 నుండి 10 సెకనులు పట్టినది.